గీత వరకు నీళ్లు

మా ఇంట్లో రాత్రిపూట వెనక తలుపు ఎవరు తీశారో గడియ చప్పుడును బట్టి చెప్పేయొచ్చు. అత్తయ్య తీస్తే టక్కుమంటుంది. పిల్లలు తీస్తే తలుపు వెళ్లి గోడకు కొట్టుకుంటుంది. మామయ్య మాత్రం గడియను రెండు చేతులతో పట్టుకుని, నిద్రపోతున్న పసిపిల్ల చేతిలోంచి బొమ్మ తీసినట్టు మెల్లగా జరుపుతారు. ఎవరి నిద్రా చెడకూడదని ఆయన జాగ్రత్త. నాకేమో ఆ మెల్లని చప్పుడుకే మెలకువ వచ్చేది. 2024 వానాకాలంలో ఒక రాత్రి పడుకునే లెక్కపెట్టాను. తెల్లారేలోపు ఆ గడియ ఐదుసార్లు కదిలింది.

"షుగరేమోనండీ, ఓసారి పరీక్ష చేయించండి" అని మా ఆయనతో అన్నాను. "నాన్నని నేనెట్టా అడిగేది?" అన్నారు. యాభయ్యో పడిలో పడుతున్న మనిషికి, కన్నతండ్రిని ఒంటేలు సంగతి అడగడానికి నోరు రాలేదు. అత్తయ్యను కదిపితే "వయసు కాదూ?" అంది. ఇక కోడలిగా నేను అడగడమన్న మాటే లేదు. అందరికీ తెలుసు, అందరం ఊరుకున్నాం. ఇప్పుడు నేను రాయబోయేది క్యాన్సర్ గురించి, రేడియేషన్ గురించి. కానీ మా ఇంట్లో ఆ రెండింటికన్నా కష్టమైన పని నోరు విప్పడం. అందుకే ముందు దాన్నే చెప్పాను.

పాతవాళ్లకి మా ఊరి గురించి చెప్పక్కర్లేదు. కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. మాది చండ్రుగొండ. 2016 దాకా ఖమ్మం జిల్లా, ఆ తర్వాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఒకవైపు కనకగిరి గుట్టలు, అడవి. ఇంకోవైపు పత్తి, మిర్చి, ఈ మధ్య పామాయిల్ తోటలు. మామయ్యకి ఆరెకరాలు. 71 ఏళ్లొచ్చినా మందు డబ్బా వీపుకి తగిలించుకుని చేలోకి దిగే మనిషి. కాలికి ముల్లు గుచ్చుకుంటే తనే పిన్నీసుతో తీసుకుంటారు గానీ "చూడండర్రా" అని ఎవరికీ కాలు చూపించరు.

అలాంటాయన దసరా ముందు సత్తుపల్లిలో చుట్టాలింటికి వెళ్లి వస్తూ, దారిలో రెండుసార్లు బస్సు ఆపించి దిగాల్సొచ్చింది. రెండోసారి ఎక్కుతుంటే వెనక సీట్లో కుర్రాళ్లు కిసుక్కున నవ్వారట. ఈ సంగతి ఆయన చెప్పింది చాలా రోజుల తర్వాత. ఆ రోజు మాత్రం ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా మంచమెక్కారు. మర్నాడు పొద్దున కాఫీ ఇస్తుంటే నా మొహం చూడకుండా, గ్లాసు వైపు చూస్తూ, "వాణ్ణి నన్నోసారి ఖమ్మం తీసుకుపొమ్మనమ్మా" అన్నారు.

ఖమ్మంలో మూత్రవ్యాధుల డాక్టరు స్కానింగు తీయించి, ప్రోస్టేట్ ఉబ్బిందన్నారు. రక్తంలో పీఎస్ఏ అనే పరీక్ష చేయించారు. మామయ్యకి 8.6 వచ్చింది. మామూలుగా 4 దాటితే కాస్త ఆలోచిస్తారు. అయితే పీఎస్ఏ పెరిగిందంటే క్యాన్సరే అనుకోనక్కర్లేదు. వయసుతో గ్రంథి ఉబ్బినా, అక్కడ ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. అందుకే కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయించారు. తగ్గలేదు. ఎమ్మారై తీశారు, అందులో మచ్చ కనబడింది. అప్పుడు సూదితో చిన్న చిన్న ముక్కలు తీసి పరీక్షకి పంపారు. కార్తీకమాసంలో, నేను దీపాలు పెట్టుకుంటుంటే మా ఆయన ఫోన్ చేశారు. "అదేనంట" అన్నారు. ఏదని నేను అడగలేదు.

నేను బీఏలో తెలుగు చదువుకున్నదాన్ని కదా, ఏ మాట విన్నా దాని వెనక ఏముందోనని చూసే జబ్బు నాకు. ప్రోస్టేట్‌ని మన పత్రికలు పౌరుష గ్రంథి అని రాస్తాయి. మగవాళ్లకే ఉంటుంది గనక ఆ పేరు పెట్టి ఉంటారు. మూత్రసంచికి సరిగ్గా కింద, అక్రోటు కాయంత ఉంటుంది. మూత్రనాళం దాని మధ్యలోంచి పోతుంది. అందుకే అది ఉబ్బితే ధార సన్నబడుతుంది, రాత్రుళ్లు లేవాల్సొస్తుంది. అయితే పౌరుషం అన్న మాట కూడా అందులో ఉంది చూశారా, ఆరు నెలలు మా మామయ్య నోరు కట్టేసింది అదే.

డాక్టరు చెప్పినవాటిలో నన్ను ఆశ్చర్యపరిచిన మాట ఒకటుంది. రాత్రుళ్లు లేవడం ఈ క్యాన్సర్ వల్ల కాదట. అది మామూలు వాపు వల్ల. తొలిదశలో ప్రోస్టేట్ క్యాన్సర్ సాధారణంగా ఏ బాధా పెట్టదు, ఏ గుర్తూ చూపించదు. ఇంకో బాధ కోసం వెళితే ఇది బయటపడింది. బస్సులో నవ్విన ఆ కుర్రాళ్లకి ఒక రకంగా మేం రుణపడి ఉన్నాం.

రిపోర్టులో గ్లీసన్ 3+4=7 అని ఉంది. ఇది డొనాల్డ్ గ్లీసన్ అనే అమెరికా డాక్టరు 1960లలో పెట్టిన లెక్క. ముక్కలో కణాలు ఎంత అడ్డదిడ్డంగా పెరిగాయో సూక్ష్మదర్శినిలో చూసి అంకె వేస్తారు. ఎక్కువగా కనబడిన రకానికి ఒక అంకె, దాని తర్వాతి దానికి ఇంకో అంకె, రెండూ కలిపితే మొత్తం. ఇప్పుడు క్యాన్సర్‌కి వేసే మొత్తాల్లో 6 అన్నిటికన్నా నెమ్మది రకం, 10 అన్నిటికన్నా దుడుకు రకం. 3+4 అంటే మధ్యలో ఉన్నా మంచి వైపు ఉన్నట్టు. గ్రంథి దాటి బయటికి రాలేదు. "తొందరేం లేదు, ఒక నెల ఆలోచించుకుని రండి" అన్నారు డాక్టరు. క్యాన్సర్ అని చెప్పి ఆలోచించుకుని రమ్మంటారా అని మా ఆయనకి అనుమానం. నాకూ అంతే.

ఆ నెల రోజులు మా ఇంటికి వచ్చిన సలహాలు ఇన్నీ అన్నీ కాదు. ఆకు పసరు ఇచ్చే ఆయన అడ్రసు ఒకరిచ్చారు. కత్తి పెడితే పాకుతుందని ఒకరు, కోసి పారేస్తేనే పోతుందని ఇంకొకరు. అత్తయ్య భద్రాచలం రాముడికి మొక్కుకుంది. నేను రాత్రుళ్లు పని అయ్యాక ఫోన్ పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. అర్థం కాని మాటలు డిగ్రీ చదివే మా అబ్బాయిని అడిగాను. అప్పుడే డాక్టరు ఆలోచించుకోమన్నది ఎందుకో తెలిసింది.

బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే పెద్ద పరిశోధన జరిగింది. 50 నుంచి 69 ఏళ్ల మధ్య ఉండి, క్యాన్సర్ గ్రంథిలోనే ఉన్న 1,643 మందిని మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి ఆపరేషన్, ఒక భాగానికి రేడియేషన్, మూడో భాగానికి వైద్యమేమీ లేకుండా పరీక్షలు చేస్తూ కనిపెట్టి ఉండటం. 15 ఏళ్ల తర్వాత 2023లో ఫలితం చెప్పారు. ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు మొత్తం 45 మంది. నూటికి ముగ్గురు కూడా లేరు. మూడు భాగాల్లోనూ దాదాపు ఒకటే లెక్క. కనిపెట్టి ఉన్నవాళ్లలో జబ్బు ముదరడం మాత్రం ఎక్కువ కనిపించింది, వాళ్లలో సగం కన్నా ఎక్కువమంది తర్వాత ఏదో ఒక వైద్యం చేయించుకున్నారు.

ఇది మామయ్యకి చదివి వినిపించమని మా ఆయన్ని పంపిస్తే, పావుగంటకి తిరిగొచ్చి "నువ్వే చెప్పు, నాకు కుదరట్లేదు" అన్నారు. నేను అరుగు మీద, స్తంభానికి ఈవల కూర్చుని చెప్పాను. మామయ్య ఆవల కూర్చుని విన్నారు. స్తంభం మధ్యలో ఉండటం ఇద్దరికీ మంచిదైంది.

కనిపెట్టి ఉండటం గురించి విని, "అంటే మంచె మీద కూచొని, పంది వస్తే కొట్టడమన్నమాట" అన్నారు. అవునన్నాను. "ఈ వయసులో ఇంకా కాపలా ఏం కాస్తానమ్మా" అన్నారు. ఆయన గ్లీసన్ అంకెకి, మచ్చ సైజుకి వైద్యం చేయించుకోవడమే మేలని డాక్టరు కూడా అన్నారు. మిగిలింది ఆపరేషనా, రేడియేషనా. అప్పుడు మామయ్య స్తంభం అవతల నుంచి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ఏది చేయించుకుంటే బట్టల్లో పోకుండా ఉంటది?"

ఆ ప్రశ్నకి జవాబు కూడా ఆ పరిశోధనలోనే ఉంది. ఆరేళ్ల తర్వాత చూస్తే, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో నూటికి 17 మంది మూత్రం కారుతుందని ప్యాడ్లు వాడుతున్నారు. రేడియేషన్ వాళ్లలో నూటికి నలుగురు. రేడియేషన్‌లో మలద్వారం వైపు ఇబ్బందులు, అప్పుడప్పుడు రక్తం పడటం కొంచెం ఎక్కువ. ఇది కూడా దాచకుండా చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "కరెంటే పెట్టించండి" అన్నారు.

సంసార జీవితం మీద రెంటి ప్రభావమూ ఉంటుందని డాక్టరు మా ఆయన ముందు చెబితే, మామయ్య "ఆ చింత నాకు లేదు" అనేశారట. ఆ మాట నాకు చేరింది గానీ అత్తయ్యకి ఎవరూ చెప్పలేదు. పప్పు రుబ్బుతూ నేనే చెప్పాను. అత్తయ్య రోలు దగ్గర చెయ్యి ఆపి, "నన్నెవరన్నా అడిగారా?" అంది. తర్వాత తనే నవ్వి, "అడిగినా అదే చెబుదును. కానీ అడగాలిగా" అంది. ఈ మాట ఇక్కడ రాయమంటావా అని అడిగితే, "రాయి, ఎవరన్నా అడుగుతారేమో వాళ్లింట్లో" అంది.

మా వైపు రేడియేషన్‌ని "కరెంటు పెట్టడం" అంటారు. మామయ్యకి కరెంటంటే భయం. తడిచేత్తో మోటారు స్టార్టర్ ముట్టుకుని పోయినవాళ్లని ఆయన కళ్లారా చూశారు. మంచానికి కట్టేసి తీగలు పెడతారనుకున్నారు. అందుకని దీన్ని కాస్త వివరంగా తెలుసుకుని చెప్పాల్సొచ్చింది. ఆ యంత్రం పేరు లీనియర్ యాక్సిలరేటర్. నిజంగానే కరెంటుతో నడుస్తుంది. ఎలక్ట్రాన్లని దాదాపు వెలుతురంత వేగంతో పరిగెత్తించి ఒక లోహపు రేకుకి కొడుతుంది. అప్పుడు ఎక్స్‌రేలు పుడతాయి. 1895లో రాంట్‌జెన్ కనిపెట్టిన ఎక్స్‌రేలే, కాకపోతే చెయ్యి విరిగితే తీసేవాటికన్నా చాలా బలమైనవి. ఒంట్లోకి తీగ రాదు, షాక్ కొట్టదు, తగిలినట్టు కూడా తెలియదు. స్విచ్ ఆపగానే ఒంట్లో ఏమీ మిగలదు కనక ఇంటికొచ్చి మనవరాల్ని ఎత్తుకోవచ్చు. ఆ చివరి మాట విన్నాకే ఆయన మొహంలో కాస్త కళ వచ్చింది.

ఆ కిరణాలు కణం లోపలి డీఎన్ఏని తెంపుతాయి. మంచి కణం చాలావరకు అతుకు వేసుకుంటుంది, క్యాన్సర్ కణం అంత బాగా వేసుకోలేదు. విడిపోయి రెండవుదామనుకున్నప్పుడు చచ్చిపోతుంది. అందుకే ఫలితం వెంటనే కనబడదు, నెలలు పడుతుంది.

ఇదివరకు ఈ వైద్యం ఏడెనిమిది వారాలు రోజూ చేసేవారు. 3,216 మంది మీద చేసిన చిప్ అనే బ్రిటన్ పరిశోధన 2016లో బయటికొచ్చింది. 37 సార్లు ఇచ్చేదాన్ని 20 సార్లలో ఇచ్చినా ఫలితం తగ్గలేదని అందులో తేలింది. తర్వాత పేస్ అని ఇంకో పరిశోధన, 874 మంది మీద. ఐదంటే ఐదుసార్లే, ఒక్కోసారి ఎక్కువ మోతాదు. 2024 అక్టోబరులో అచ్చయిన లెక్క ప్రకారం ఐదేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు ఐదుసార్ల వాళ్లలో నూటికి 95.8, ఎక్కువసార్ల వాళ్లలో 94.6. చండ్రుగొండ నుంచి హైదరాబాద్ వెళ్లి ఉండాల్సిన మాకు ఐదుకీ ముప్పై ఏడుకీ ఉన్న తేడా నేను వేరే చెప్పాలా? మిర్చి కోతకి ఇంటికొచ్చేయొచ్చు.

అయితే ఐదుసార్లలో ఇవ్వాలంటే గురి తప్పకూడదు. కిరణాలు ఒక్క వైపు నుంచి రావు. యంత్రం మనిషి చుట్టూ తిరుగుతూ చాలా కోణాల నుంచి వేస్తుంది. దారిలో ఉన్న చోట కొద్దికొద్దిగా పడి, అన్నీ కలిసే చోట, అంటే గ్రంథిలో, పూర్తి మోతాదు పడుతుంది. ముందు మూత్రసంచి, వెనక మలాశయం, మధ్యలో ఇది. ఖాళీ మిల్లీమీటర్లలోనే. గురి కోసం గ్రంథిలో మూడు బంగారు గింజలు గుచ్చుతారు, ఒక్కోటి బియ్యపు గింజకన్నా సన్నం. స్కానులో అవి మెరుస్తూ కనబడితే యంత్రం వాటిని చూసి సరిచేసుకుంటుంది.

"బంగారమా? అయ్యాక తీసిస్తారా?" అంది అత్తయ్య.

"ఉండిపోతాయట అత్తయ్యా."

"పెళ్లప్పుడు నాకు పెట్టింది రెండు తులాలు. తనకి మాత్రం లోపల కూడా బంగారమే" అంది. క్యాన్సర్ అన్న మాట విన్నాక మా ఇంట్లో అందరం కలిసి నవ్వింది అదే మొదటిసారి.

రాత్రుళ్లు లేవడానికి డాక్టరు ముందే మాత్రలు ఇచ్చారు. రేడియేషన్‌తో కొన్నాళ్లు ఆ బాధ పెరుగుతుంది గనక ముందు దాన్ని తగ్గించుకోవాలన్నారు. గింజలు గుచ్చడం, కొలతల కోసం స్కాను తీయడం సంక్రాంతి లోపే అయిపోయాయి. పండగ వెళ్లాక 2025 జనవరిలో నేనూ మామయ్యా కొత్తగూడెంలో రాత్రి రైలెక్కాం. స్టేషను పేరు భద్రాచలం రోడ్డు, ఉన్నది కొత్తగూడెంలో. బండి కదిలేదాకా అత్తయ్య కిటికీ పట్టుకుని నిలబడింది. మా ఆయనకి ఎరువుల కొట్టు వదిలే వీల్లేదు. నేను రావడానికి కారణం మా చెల్లెలిల్లు కూకట్‌పల్లిలో ఉండటమే. మామయ్య ఆ దారంతా నాతో రెండు మాటలే మాట్లాడారు. "పడుకోమ్మా" ఒకటి, "వచ్చింది" ఒకటి.

అసలు పని అక్కడ మొదలైంది. ప్రతిసారీ స్కానులో కొలిచిన రోజున ఒళ్లు ఎలా ఉందో అలాగే ఉండాలి. మలాశయం ఖాళీగా ఉండాలి, మూత్రసంచి నిండుగా ఉండాలి. మూత్రసంచి నిండితే పేగుల్ని పైకి నెడుతుంది, దాని సగభాగమూ గురికి దూరంగా ఉంటుంది. మలాశయంలో గ్యాసు చేరితే గ్రంథి ముందుకి జరుగుతుంది. గంట ముందు ఒంటికి వెళ్లొచ్చి, అర లీటరు నీళ్లు తాగి, ఆపుకుని కూర్చోవాలి. ఆపుకోలేకే కదా ఆయన బస్సు దిగింది!

యంత్రం ఎంత గొప్పదైనా ఈ భాగం దాని చేతిలో లేదు. ఇది కొలతలు, వేళలు, తిండి. మాలాంటి వాళ్ల పని. ఎసట్లో నీళ్లు చూపుతోనే కొలిచేదాన్ని, ఈసారి మాత్రం కొలపాత్రతో అర లీటరు కొలిచి సీసాలో పోసి, ఆ మట్టానికి చెల్లెలి కూతురి ఎర్ర గోళ్లరంగుతో గీత గీశాను. గీత వరకు నీళ్లు. అంతకు తగ్గకూడదు, పెరగకూడదు.

ఆసుపత్రి హాల్లో చూస్తే మామయ్య ఒక్కరే కాదు. వరసగా ఏడెనిమిది మంది పెద్దవాళ్లు, అందరి చేతుల్లోనూ నీళ్ల సీసాలు. పంచెలవాళ్లు, ప్యాంట్లవాళ్లు, ఒక రిటైర్డు మాస్టారు. అందరూ గడియారం వైపే చూస్తూ, కాలు మీద కాలేసుకుని, తీసి, మళ్లీ వేసుకుని. ఎవరూ ఎవరితో మాట్లాడరు. సోమవారం మొదటిసారి. పావుగంటలో అయిపోయింది. "ఏమైంది మామయ్యా?" అంటే "ఏం కాలేదు. తిరిగింది, ఆగింది" అన్నారు. ఒకరోజు విడిచి ఒకరోజు, ఐదుసార్లు.

బుధవారం తప్పు జరిగింది. తప్పు నాదే. ముందురోజు సాయంత్రం ఆయన దిగులుగా ఉన్నారని అలసంద వడలు చేశాను. చిక్కుడు, క్యాబేజీ, పప్పుదినుసులు తగ్గించమని కాగితంలో రాసే ఉంది. ఇష్టంగా తింటున్నారు కదా, నాలుగు వడలకి ఏమవుతుందిలే అనుకున్నా. బల్ల మీద పడుకోబెట్టి స్కాను తీస్తే మలాశయం నిండా గ్యాసు. గింజలు ఉండాల్సిన చోట లేవు. దించేసి, నడిచి, బాత్రూముకి వెళ్లి, మళ్లీ నీళ్లు తాగి రమ్మన్నారు. వాళ్లు చాలా మర్యాదగానే చెప్పారు. కానీ హాలంతా చూస్తుండగా బయటికొచ్చి, ఆడవాళ్లున్న కౌంటరు ముందు నుంచి బాత్రూముకి వెళ్లాల్సొచ్చిన మామయ్య మొహం నేను చూడలేకపోయాను.

వచ్చి కూర్చున్నారు. సీసా ముట్టుకోలేదు. "రాత్రి బండికి పోదాంలేమ్మా. ముసలోణ్ణి ఎక్కించుడు, దించుడు. ఎందుకిదంతా" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఐదుసార్లలో ఒకటే అయింది. మధ్యలో వదిలేస్తే ఏమవుతుందో తలుచుకోవడానికే భయమేసింది. ఇన్నాళ్లూ స్తంభానికి ఈవల నుంచి మాట్లాడినదాన్ని, ఆ రోజు పక్క కుర్చీలోకి వెళ్లి కూర్చున్నాను. "మామయ్యా, ఇది మీ తప్పు కాదు. నిన్న అలసంద వడలు పెట్టింది నేను. గ్యాసొస్తుందని రాసిచ్చారు. చదివి కూడా పెట్టాను. మీరు రోజూ కడుపు ఖాళీ అయిందో లేదో నాకు చెప్పరు, నేను అడగను. అడిగి ఉంటే పొద్దున్నే తెలిసేది" అన్నాను. గుక్క తిప్పుకోకుండా అనేశాను.

ఆయన చాలాసేపు సీసా మీద గీత వైపు చూశారు. "నాలుగనుకుంటున్నావ్. ఏడు తిన్నా. పొయ్యి మీదవి కూడా తీసుకున్నా" అన్నారు. తర్వాత బస్సు సంగతి చెప్పారు. కుర్రాళ్లు నవ్వింది, ఆ రాత్రి నిద్రపట్టనిది, అన్నీ. చివర్న, "రేపట్నుంచి అడుగమ్మా. చెబుతా" అన్నారు. మూత తీసి గీత వరకు తాగారు. ఎదురు వరసలో మాస్టారు మా మాటలు విన్నట్టున్నారు, "నాకు శనగలు కొంప ముంచాయి పోయిన వారం" అన్నారు. అంతే, వరసంతా నోరు విప్పింది. ఎవరికి ఏం తింటే ఏమైందో, ఎన్ని నిమిషాలు ఆపుకోగలరో, ఎవరికి పీఎస్ఏ ఎంతో, ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెట్టారు. గంటన్నర తర్వాత మామయ్యని మళ్లీ పిలిచారు. ఈసారి గింజలు చోటులో ఉన్నాయి.

అప్పట్నుంచి ఉదయం కాఫీ ఇస్తూ "అయిందా మామయ్యా?" అని నేను అడగడం, "అయిందమ్మా" అని ఆయన చెప్పడం. మా చెల్లెలు లోపల నవ్వుకునేది. మిగతా మూడుసార్లూ ఒక్కసారి కూడా దింపలేదు.

ఇంటికొచ్చాక రెండు మూడు వారాలు మంట, తొందర తొందరగా వెళ్లాల్సి రావడం ఉన్నాయి. చెబుతారనే ధైర్యం ఉంది గనక నాకు భయం లేదు. డాక్టరిచ్చిన మాత్రలు, బార్లీ నీళ్లు, కారం తగ్గించడం. కారం తగ్గించడమే ఎక్కువ బాధపడ్డారు, మిర్చి పండించే మనిషి కదా! తర్వాత సర్దుకుంది. పీఎస్ఏ మెల్లగా దిగుతుంది, అట్టడుక్కి చేరడానికి ఏడాదిన్నర, రెండేళ్లు కూడా పట్టొచ్చు, మధ్యలో ఒకసారి కాస్త పెరిగినా కంగారు పడొద్దని ముందే చెప్పారు. మామయ్యకి ఆరు నెలలకి 2.9, ఈ సంక్రాంతి వెళ్లాక 1.3. తగ్గిపోయింది అనే మాట డాక్టరు ఇంకా అనలేదు. మేమూ అనట్లేదు. ఆరు నెలలకోసారి పరీక్ష మాత్రం కొనసాగుతుంది.

అడుగుతారని ఖర్చు గురించి ఒక మాట. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకి పెరిగింది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి. ఎక్కడికెళ్లినా ఏ పద్ధతికి ఎంత వర్తిస్తుందో ఆరోగ్యమిత్ర దగ్గర ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇంకో మాట. అందరికీ ఐదుసార్లదే సరిపోదు, అందరికీ రేడియేషనే అక్కర్లేదు. గ్లీసన్ 6 ఉన్న చాలామందికి మంచె మీద కాపలాయే చాలంటారు. మీ డాక్టరుని మూడూ అడగండి. అడిగేటప్పుడు ఇంట్లో ఆడవాళ్లని కూడా కూర్చోబెట్టుకోండి.

మొన్న ఆదివారం సాయంత్రం మా వీధి చివరి పెద్దాయన వచ్చారు. మామయ్య కన్నా రెండేళ్లు చిన్న. వాన గురించి, పత్తి రేటు గురించి మాట్లాడి, వెళ్లడానికి లేచి, మళ్లీ కూర్చున్నారు. నేను టీ ఇచ్చి లోపలికొచ్చేశాను. "రాత్రిపూట ఎన్నిసార్లు లేస్తున్నావ్?" అని మామయ్య అడగడం వినబడింది. గొంతు తగ్గించలేదు. వీధిలో పోయేవాళ్లకి కూడా వినబడేంత గట్టిగానే అడిగారు. జవాబు నాకు వినబడలేదు. కాసేపటికి మామయ్య కేకేశారు.

"అమ్మా, ఆ ఎర్ర గీత సీసా ఎక్కడుందో చూడు. ఈయనకి చూపించాలి."